బైబిల్ కాలేజీలో చేరే ముందు: సెరంపూర్, ఏటీఏ, విదేశీ డిగ్రీ, గుర్తింపు లేని కోర్సు... మీకు సరిపోయేదేది?

రెండేళ్ళ కిందట వేసవిలో ఒక తమ్ముడు మా ఆఫీసుకి వచ్చి టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి దళసరి అట్ట మీద అచ్చేసిన సర్టిఫికెట్. చుట్టూ బంగారు రంగు తీగ, కింద మూలన మెరిసే నక్షత్రం సీలు, దానికి అతికించిన ఎర్ర రిబ్బన్. "బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ" అని పెద్దక్షరాలు. రెండోది అతని స్నేహితుడి మార్కుల మెమో జిరాక్సు. పల్చటి కాగితం, వంకరగా పడిన స్టాంపు, పాత నిబంధన పేపర్లో 41 మార్కులు.

"అన్నా, నాకు అదే సబ్జెక్టులో 78 వచ్చింది. వాడికి బీడీలో, అదే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీలో, సీటిచ్చారు, నాకు అప్లికేషన్ కూడా తీసుకోలేదు. ఎందుకంటారు?" అన్నాడు.

అతని సర్టిఫికెట్ మీద రిబ్బన్ ఎత్తి చూశాను. రోల్ నంబరు లేదు. ఏయే సబ్జెక్టులు చదివాడో, ఎన్ని గంటల చదువో లేదు. ఎవరి అధికారంతో ఈ డిగ్రీ ఇస్తున్నారో ఒక్క ముక్క లేదు. "అంతర్జాతీయ గుర్తింపు పొందినది" అని ఒక వాక్యం ఉంది గానీ గుర్తించిందెవరో లేదు. మూడేళ్ళు హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రార్థనకి లేచి, నిజంగా చదువుకున్న పిల్లవాడు. చదువు అబద్ధం కాదు. ఆ చదువుకి సాక్ష్యం చెప్పాల్సిన కాగితమే నోరు మెదపలేదు.

చిన్న బైబిల్ కాలేజీలో విద్యార్థుల రికార్డులు చూసే పని నాది. ఇలాంటి కాగితాలు ఏడాదికి పదిసార్లయినా చేతిలోకి వస్తాయి. ఈ పదేళ్ళలో నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన విషయం ఒక్కటే: గుర్తింపు ఉందా అని కాలేజీని అడిగితే అందరూ ఉందనే అంటారు. రేపు ఆ కాగితాన్ని మీరు ఎవరి ముందు పెట్టాలో వాళ్ళని అడగాలి. మీ డయోసీస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) ఆఫీసునో, మీ సంఘ పెద్దలనో, పైచదువు చదవాలనుకున్న సెమినరీనో. అడ్మిషన్ ఫీజు కట్టకముందే అడగాలి.

ముందు మాటలు విడదీసుకుందాం

అఫిలియేషన్ అంటే పైన ఒక విశ్వవిద్యాలయం ఉన్నట్టు. సిలబస్ దానిది, పబ్లిక్ పరీక్ష దానిది, పట్టా మీద పేరూ దానిదే. ఇంటర్ మీ ఊరి కాలేజీలో చదివినా మెమో ఇంటర్ బోర్డు ఇస్తుంది కదా, అలాగన్నమాట.

అక్రిడిటేషన్ వేరు. కాలేజీ తన డిగ్రీ తానే ఇస్తుంది. బయటి సంఘం ఒకటి వచ్చి అధ్యాపకులు, లైబ్రరీ, పరీక్షలు, లెక్కల పుస్తకాలు చూసి "ఈ కోర్సు మా ప్రమాణాలకు తగ్గట్టు ఉంది" అని చెబుతుంది. పట్టా మీద సంతకం మాత్రం కాలేజీదే.

వాలిడేషన్ మాట మన దగ్గర తక్కువ వినపడుతుంది, బ్రిటన్‌లో ఎక్కువ. కోర్సు తయారు చేసేదీ పాఠం చెప్పేదీ చిన్న కాలేజీ. ఒక విశ్వవిద్యాలయం ఆ కోర్సును పరిశీలించి, బయటి పరీక్షకులను పెట్టి, తన సొంత డిగ్రీ ఇస్తుంది.

ఈ మూడింటిలోనూ చేరనివి కొన్ని బ్రోషర్లలో గుర్తింపు పేరుతో కనిపిస్తుంటాయి. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు, ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్ నంబరు. సంస్థకు ఇవి ఉండటం మంచిదే. వీటిలో ఏదీ డిగ్రీ ఇచ్చే అధికారం కాదు, కోర్సు నాణ్యతకు హామీ కూడా కాదు.

చట్టం ఏమంటుంది

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టంలో 22వ సెక్షన్ ఉంది. కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వవచ్చు. చట్టబద్ధత లేకుండా పేరులో "యూనివర్సిటీ" అని పెట్టుకోవడాన్ని 23వ సెక్షన్ నిషేధిస్తుంది. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో రెండు క్రైస్తవ సంస్థల పేర్లున్నాయి. చేరే ముందు ఆ జాబితా ఒక్కసారి చూడండి, ఐదు నిమిషాల పని.

ఇది క్రైస్తవ కాలేజీలకే వర్తించేది కాదు. ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు కేసులో 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మదర్సా విద్యా చట్టాన్ని నిలబెట్టింది కానీ డిగ్రీ స్థాయి కామిల్, ఫాజిల్ పట్టాలు ఇచ్చే భాగాన్ని కొట్టేసింది. కారణం అదే యూజీసీ చట్టం. మతబోధ చేసుకునే హక్కు ఒకటి, డిగ్రీ ఇచ్చే అధికారం మరొకటి అని అందులో స్పష్టంగా తేలింది.

దేనితో తూచాలి

మిమ్మల్ని సేవకు పంపేది ఎవరు, వాళ్ళు ఏ పట్టా ఒప్పుకుంటారు అన్నది మొదటిది. తర్వాత ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ), పీహెచ్‌డీ ఆలోచన ఉందా అన్నది. చర్చి బయట, అంటే స్కూల్లోనో ఆఫీసులోనో ఈ డిగ్రీ చూపించాల్సి వస్తుందా అన్నది మూడోది. ఇక తెలుగులో చదవగలరా, ఎన్నేళ్ళు ఇంటికి దూరంగా ఉండగలరు, ఖర్చెంత అన్న సంగతులు. చివరిదాన్ని చాలామంది పైకి అనరు గానీ లోపల ఉంటుంది: అక్కడ చెప్పే సిద్ధాంతం మన సంఘం నమ్మేదానికి దగ్గరగా ఉందా?

సెరంపూర్

బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న కాలేజీ ఇది. 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ కలిసి స్థాపించారు. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. తర్వాత ఊరు బ్రిటిష్ వాళ్ళ చేతికి వెళ్ళినా ఆ హక్కు పోలేదు. 1918లో బెంగాల్ శాసనసభ సెరంపూర్ కాలేజీ చట్టం చేసి, డిగ్రీల వ్యవహారం చూడటానికి సెనేట్‌ను ఏర్పాటు చేసింది. మనకి ఈ ఊరితో ఇంకో బంధం కూడా ఉంది. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది అక్కడి ప్రెస్సులోనే.

మన ప్రాంతంలో ఈ సెనేట్ అఫిలియేషన్ దారికి పెద్ద చిరునామా హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, అందరూ ఏసీటీసీ అంటారు. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టులు ఎవరి సెమినరీ వాళ్ళు నడుపుకునే రోజుల్లో, అందరూ కలిసి ఒకే కాలేజీ పెట్టుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న నిర్ణయం కాదు.

ఈ దారి బలం పబ్లిక్ పరీక్ష. మీకు పాఠం చెప్పిన సారు తప్ప ఎవరూ మీ పేపరు చూడని పరిస్థితి ఉండదు. అందుకే సెనేట్ మెమోలో 41 కనిపించినా అవతలి సెమినరీకి దాని విలువ తెలుసు. ప్రధాన స్రవంతి చర్చిల్లో ఆర్డినేషన్‌కి (పాస్టరుగా అభిషేకానికి) బీడీ అడగటం మామూలు. ఎంటీహెచ్, ఆపై పరిశోధన కూడా ఇదే గొడుగు కింద చేయవచ్చు.

కష్టాలు లేకపోలేదు. బీడీ అంటే డిగ్రీ చేసినవాళ్ళకి కూడా సాధారణంగా నాలుగేళ్ళు. హెబ్రూ, గ్రీకు తప్పవు. చదవాల్సింది చాలావరకు ఇంగ్లీషులోనే. పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళు మొదటి ఏడాది ఏడవటం చూశాను. బైబిలుని చారిత్రక విమర్శతో (ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారని పరిశీలించే పద్ధతి), దళిత వేదాంతం, స్త్రీవాద దృష్టితో కూడా చదివిస్తారు. కొందరికి అది కళ్ళు తెరిపిస్తుంది. కొన్ని స్వతంత్ర సంఘాల పిల్లలకి కాళ్ళ కింద భూమి కదిలినట్టుంటుంది. నా అభిప్రాయం అడిగితే ఆ ప్రశ్నలు కాలేజీలో, గురువుల మధ్య ఎదుర్కోవడమే మేలు. సంఘంలో నిలబడ్డాక ఒంటరిగా ఎదురైతే ఇంకా కష్టం. కానీ ఇంట్లోవాళ్ళకీ, పంపే పాస్టరుగారికీ ఈ సంగతి ముందే చెప్పి వెళ్ళండి.

ఒక జాగ్రత్త. కొన్ని చిన్న కాలేజీలకు డిప్లొమా లేదా బీటీహెచ్ (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ) వరకే అఫిలియేషన్ ఉంటుంది, బ్రోషర్‌లో మాత్రం బీడీ కూడా రాస్తారు. "మీ కాలేజీకి సెరంపూర్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. "ఏ కోర్సుకి, ఏ సంవత్సరం దాకా ఉంది" అని అడగండి.

ఏటీఏ

ఏషియా థియలాజికల్ అసోసియేషన్ 1970లో మొదలైంది. ఆసియా అంతటా ఉన్న ఇవాంజెలికల్ సెమినరీల సంఘమిది. బీటీహెచ్, ఎండివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ), ఎంటీహెచ్ లాంటి కోర్సులను చూసి అక్రిడిటేషన్ ఇస్తుంది. కాలేజీ ముందు తన గురించి తానే వివరంగా నివేదిక రాసుకోవాలి. తర్వాత పరిశీలకుల బృందం వస్తుంది. పాఠాల్లో కూర్చుంటారు, పిల్లలతో విడిగా మాట్లాడతారు, లైబ్రరీలో పుస్తకాల వెనక ఉన్న తేదీల చీటీలు కూడా తిప్పి చూస్తారు, అవి నిజంగా చదువుతున్నారా లేక బీరువాల్లో అలంకారమా అని. కొన్నేళ్ళకోసారి మళ్ళీ పరిశీలన ఉంటుంది. ఇది బూటకం కాదని గట్టిగా చెప్పగలను.

డిగ్రీ చేసినవాళ్ళకి ఎండివ్ సాధారణంగా మూడేళ్ళు. ఇవాంజెలికల్, పెంతెకొస్తు నేపథ్యం ఉన్నవాళ్ళకి వాతావరణం ఇంటిలా ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సంఘాలను కలిపే ఐసీఈటీఈ వేదికలో ఏటీఏ కూడా ఉంది కాబట్టి విదేశీ సెమినరీలు దీన్ని ఎరుగుదుము అంటాయి.

లోటు ఒకటే, కానీ అది పెద్దది. ఏటీఏ ప్రభుత్వ సంస్థ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. దాని గుర్తింపుతో నాణ్యతకు సాక్ష్యం వస్తుంది తప్ప యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ అవదు. బీఏ లేకుండా బీటీహెచ్ చేసి, దాన్నే డిగ్రీగా చూపించి యూనివర్సిటీలో ఎంఏకి వెళ్దామనుకుంటే గేటు దగ్గరే ఆగిపోతారు. అలాగే కొన్ని సీఎస్ఐ డయోసీస్‌లు ఎండివ్‌ని ఆర్డినేషన్‌కి నేరుగా తీసుకోవు. ఒక్కో డయోసీస్‌ది ఒక్కో పద్ధతి, అడిగి తెలుసుకోవాల్సిందే.

రెండూ ఉన్న కాలేజీలు కొన్ని ఉన్నాయి. పుణెలోని యూనియన్ బిబ్లికల్ సెమినరీ సెరంపూర్ డిగ్రీలూ ఏటీఏ గుర్తింపూ రెండింటితో నడిచిన కాలేజీ. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు, ఇంగ్లీషు భయం లేనివాళ్ళు అలాంటి చోట ప్రయత్నించండి.

విదేశీ విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కోర్సు

బ్రిటన్‌లో ఇది పాత పద్ధతే. లండన్ స్కూల్ ఆఫ్ థియాలజీ డిగ్రీలు మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ వాలిడేషన్‌తో నడుస్తాయి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ శిక్షణ కాలేజీల కోర్సులకు 2014 నుంచి డరమ్ యూనివర్సిటీ డిగ్రీలిస్తోంది. కాలేజీలో అరవై మందే ఉన్నా పట్టా మీద ఉండేది పెద్ద విశ్వవిద్యాలయం పేరు.

దీనిలో ప్రమాదం ఏమిటంటే ఆ పెద్ద సంస్థ చేయి తీసేస్తే చిన్న కాలేజీ నడిరోడ్డు మీద నిలబడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ వేల్స్ దేశదేశాల కాలేజీలకు వాలిడేషన్ ఇచ్చేది. వాటిలో కొన్నింటి మీద ఆరోపణలు వచ్చి 2011 అక్టోబరులో ఆ పనికే స్వస్తి చెప్పింది. తప్పు చేయని కాలేజీలు కూడా మరో విశ్వవిద్యాలయాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి "ఒప్పందం ఏ సంవత్సరంతో ముగుస్తుంది, మధ్యలో ఆగిపోతే మా బ్యాచ్‌ని పూర్తి చేయించే బాధ్యత ఎవరిది" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఇండియాలో వాడుకోవాలంటే విదేశీ డిగ్రీల సమానత్వం గురించి యూజీసీ 2025 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనలు కూడా చూడాలి.

అమెరికా పేరు వినగానే మాత్రం రెండింతలు జాగ్రత్త. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో, ఉదాహరణకు ఫ్లోరిడాలో, మత కాలేజీలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు అంటే ప్రభుత్వం వాళ్ళని పరిశీలించలేదని. బ్రోషర్‌లో అదే "ఫ్లోరిడా రాష్ట్ర అనుమతి" అయిపోతుంది! అసలైన అక్రిడిటేషన్ ఏటీఎస్, ఏబీహెచ్ఈ లాంటి సంఘాలు ఇస్తాయి. ఏ అక్రిడిటింగ్ సంఘం నిజమైనదో అలాంటి సంఘాలను గుర్తించే అమెరికా సంస్థ సీహెచ్ఈఏ వెబ్‌సైటులో కనిపిస్తుంది. ఒక కన్వెన్షన్‌లో మూడు గంటల్లో డాక్టరేట్ ఇస్తామని, గౌనుకీ ఫొటోకీ కలిపి రేటు చెప్పేవాళ్ళ గురించి ఒక్క మాటే చెబుతాను: దశమభాగాల డబ్బు అందులో పోయకండి.

గుర్తింపు లేని సంఘ శిక్షణ

దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. మన పల్లెల్లో సంఘాలు నిలబెట్టిన అయ్యగార్లలో ఎంతోమంది ఆరు నెలల, ఏడాది శిక్షణతో వచ్చినవాళ్ళే. పాఠం తెలుగులో ఉంటుంది, పగలు చదువు సాయంత్రం గృహ దర్శనాలు, ఫీజు నామమాత్రం. నలభై దాటి, పొలం పనీ పిల్లల చదువులూ చూసుకుంటూ సేవ చేస్తున్న మనిషికి నాలుగేళ్ళ బీడీ చెప్పడం న్యాయం కాదు. ఇలాంటి కోర్సు తన పేరు తాను నిజంగా చెప్పుకుంటే చాలు: "సువార్త సేవ శిక్షణ, ఒక సంవత్సరం, సర్టిఫికెట్" అని. బాధ ఎక్కడంటే అదే చదువుకి బీటీహెచ్ అని పేరు పెట్టినప్పుడు.

ఇంకో దారి: యూనివర్సిటీ ఎంఏ

మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ స్టడీస్ విభాగం ఉంది, మైసూరులో క్రైస్తవ అధ్యయన విభాగం ఉంది. అక్కడ ఎంఏ అంటే మామూలు ఎంఏ లాగే చెల్లుతుంది. కానీ ప్రసంగం, సంఘ కాపరత్వం నేర్పే చోట్లు కావవి. చేతిలో బీఏ ఉండి బోధన, పరిశోధన వైపు వెళ్ళేవాళ్ళకి మంచివి. కేథలిక్ గురువిద్య దారి వేరే, అక్కడ మేత్రాసనమే (కేథలిక్ డయోసీస్) ఎక్కడికి పంపాలో నిర్ణయిస్తుంది కాబట్టి ఈ ఎంపిక సమస్యే రాదు.

| | పట్టా ఎవరి పేరుతో | పరీక్ష ఎవరిది | చర్చి బయట | భాష | ఎక్కువగా ఒప్పుకునేవాళ్ళు |
|---|---|---|---|---|---|
| సెరంపూర్ | సెనేట్ | సెనేట్ | చట్టబద్ధ అధికారం ఉంది. ఉద్యోగానికి సమానత్వం విడిగా అడగాలి | ఎక్కువగా ఇంగ్లీషు | సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు |
| ఏటీఏ | కాలేజీ | కాలేజీ | చెల్లదు | కాలేజీని బట్టి | ఇవాంజెలికల్, పెంతెకొస్తు, విదేశీ సెమినరీలు |
| విదేశీ వాలిడేషన్ | విదేశీ విశ్వవిద్యాలయం | కాలేజీ, బయటి పరీక్షకులు | సమానత్వం తెచ్చుకోవాలి | ఇంగ్లీషు | విదేశీ సంస్థలు, మిషన్ సంస్థలు |
| సంఘ శిక్షణ | సంఘం | సంఘం | చెల్లదు | తెలుగు | శిక్షణ ఇచ్చిన సంఘమే |
| యూనివర్సిటీ ఎంఏ | విశ్వవిద్యాలయం | విశ్వవిద్యాలయం | చెల్లుతుంది | ఎక్కువగా ఇంగ్లీషు | కాలేజీలు, పరిశోధన సంస్థలు |

మీరెవరైతే ఏది

ఇంటర్ పాసై, పిలుపు ఉందని చెబుతున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలకి నా సలహా ఒకటే: ముందు బీఏనో బీకామో పూర్తి చేయండి. దూరవిద్యలోనైనా పర్వాలేదు. తర్వాత ఏ దారి పట్టినా అది మీ వెనక గోడలా నిలబడుతుంది. సేవ ఆలస్యమవుతుందని పెద్దలు తొందర పెడతారు. ఆ మూడేళ్ళూ ఆదివారం బడి నడపండి, సేవ ఎక్కడికీ పోదు.

సీఎస్ఐ, లూథరన్ సంఘాల పిల్లలు వెతుక్కోవాల్సిన పనే లేదు, సెరంపూర్ దారే. డయోసీస్ స్పాన్సర్ చేస్తే ఖర్చులోనూ ఊరట. స్వతంత్ర సంఘంలో తండ్రి తర్వాత బాధ్యత తీసుకోబోయే కొడుకుకో కూతురికో ఏటీఏ కాలేజీ చక్కగా సరిపోతుంది.

అక్కచెల్లెళ్ళు ఇంకో ప్రశ్న కలుపుకోవాలి. మీ సంఘం స్త్రీలకు ఆర్డినేషన్ ఇస్తుందా? సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ 2013లో నంద్యాల డయోసీస్‌కే వచ్చారు. ఎన్నో సంఘాల్లో ఆ తలుపు ఇంకా మూసే ఉంది. అలాంటి సంఘం నుంచి వస్తే బయట కూడా నిలబడే పట్టా, అంటే సెనేట్ డిగ్రీ లేదా యూనివర్సిటీ ఎంఏ, మీకు మగపిల్లల కంటే ఎక్కువ అవసరం. బోధించడానికి, హాస్పిటల్ చాప్లెన్సీకి (రోగుల మధ్య ఆత్మీయ సేవకి), స్వచ్ఛంద సంస్థలో పనికి అది అక్కరకొస్తుంది.

కాలేజీ నడిపే అయ్యగార్లకి

ముప్పై మంది విద్యార్థులున్న కాలేజీ ఒకేసారి బీడీకి, ఎండివ్‌కి దరఖాస్తు పెట్టి చేతులు కాల్చుకోవడం చూశాను. డిప్లొమాతో మొదలుపెట్టండి. చెప్పే కోర్సు కంటే ఒక మెట్టు పైన చదివిన అధ్యాపకులు కావాలి, వాళ్ళకి నెలనెలా జీతం అందాలి. పరిశీలకులు మొదట అడిగేది భవనం గురించి కాదు, అటెండెన్స్ రిజిస్టరు గురించి. గుర్తింపు వచ్చేదాకా "దరఖాస్తు చేశాము" అని రాయండి, "గుర్తింపు పొందినది" అని రాయకండి. ఆ రెండు మాటల మధ్య తేడాలో పిల్లల మూడేళ్ళ జీవితం ఉంది.

ఫీజు కట్టే ముందు

కోర్సు పేరు రాసి, ఇది ఎవరి గుర్తింపుతో, ఏ సంవత్సరం వరకు అని అడుగుతూ కాలేజీకి ఒక ఉత్తరమో మెయిలో పంపండి. అదే ప్రశ్న సెనేట్‌కో ఏటీఏకో విడిగా పంపండి. నిరుడు పాసైన విద్యార్థి మెమో చూపించమనండి, సర్టిఫికెట్ కాదు, మెమో. రోల్ నంబరు, సబ్జెక్టులు, క్రెడిట్లు, జారీ చేసిన తేదీ ఉన్నాయా చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర డిపాజిట్ పెట్టమంటే జిరాక్సులే ఇస్తామనండి.

ఆ తమ్ముడు రెండు నెలలు ఆలోచించి, వాళ్ళ పాస్టరుగారిని ఒప్పించి, సెనేట్ బీటీహెచ్‌లో మొదటి సంవత్సరం నుంచి మళ్ళీ చేరాడు. తనకంటే నాలుగేళ్ళు చిన్న పిల్లల పక్కన కూర్చున్నాడు. పోయిన నెల వాట్సాప్‌లో మెమో ఫొటో పంపాడు. పాత నిబంధన 63. రోల్ నంబరు స్పష్టంగా కనపడేలా, కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి తీశాడు.